మా బావ ఏ యుద్ధంలోనూ పోలేదు

ఆ తాటిమొద్దు ఇటు తొయ్యరా. అటు కాదు, గాలి కాలవ వైపు నుంచి కొడుతోంది, పొగంతా మీ నానమ్మ మొహాన పోతోంది. ఆఁ, అలా. పిడకల దండలు అప్పుడే వేసెయ్యకండర్రా, ఇంకా నాలుగు కూడా కాలేదు. కాగులో నీళ్ళు కాగాలి, మీ అందరికీ తలంట్లు అవ్వాలి, అప్పటిదాకా మంట నిలబడాలి. ఏవిటే అక్కా? పీట మీదే కూర్చున్నానే. కావాలంటే వంగి చూసుకో.

ఇందాక వీడేదో అడిగాడు. మళ్ళీ అడగరా, అందరూ వింటారు.

"మా తాతయ్య ఏ యుద్ధంలో పోయాడు తాతయ్యా?"

అదీ సంగతి. 2023 ఆగస్టులో దేశమంతా పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టారు చూడండి, దేశం కోసం ప్రాణాలిచ్చిన వాళ్ళ పేరు మీద. నిన్న వీడు సెలవు మీద ఆటో దిగి వస్తూ వస్తూ మన ఊరి రాయి ముందు ఆగాడట. వాళ్ళ తాత పేరు వెతుక్కున్నాడట. వీడూ మిలటరీవాడే కదా ఇప్పుడు, వెతుక్కుంటాడు మరి. ఉండదురా అబ్బాయ్. మీ తాత ఏ యుద్ధంలోనూ పోలేదు. 1971 యుద్ధం నుంచి చెయ్యీ కాలూ పోకుండా తిరిగొచ్చి, అయిదేళ్ళ తరవాత మన వరి కళ్ళంలో పోయాడు. అప్పటికి ఆయనకి ముప్ఫయ్ రెండేళ్ళు. మీ నాన్నకి రెండు. మీ పెద్దత్తకి ఏడు.

ఊళ్ళో ఎవరినైనా అడుగు, ఒక్క ముక్కే చెబుతారు: "ఆ మిలటరీ ఆయనా? పాము కరిచి పోయాడు పాపం" అని. అంతే. ముప్ఫయ్ రెండేళ్ళు బతికిన మనిషి ఒక్క పాములో సర్దుకుపోయాడు.

సరేలేవే, అనను. చీకట్లో ఆ పేరెత్తకూడదు, పురుగు అంటాను. పోనీ పురుగు సంగతి ఆఖర్న చెప్పుకుందాం. ముందు మనిషి సంగతి చెబుతాను.

1962 చలికాలంలో చైనా వాళ్ళు మీద పడ్డారు. నాకప్పుడు ఆరేళ్ళు, నాకు గుర్తున్నదల్లా మా అమ్మ చేతి గాజు ఒకటి తీసి రక్షణనిధికి ఇవ్వడం, మా నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర మాట్లాడకపోవడం. మీ తాతకి అప్పటికి పద్దెనిమిది వెళ్ళి పందొమ్మిది. మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళే ఊరు. ఆ ఊళ్ళో ఆయనకి మేనత్త ఉండేది. 1963 సంక్రాంతికి మేనత్త ఇంటికి అరిసెలు తినడానికి వెళ్ళిన కుర్రాడు మరింక తిరిగి రాలేదు. వారం పోయాక బెంగళూరు నుంచి కార్డు వచ్చింది. "నేను క్షేమం. ఇక్కడ చలి ఎక్కువ. ఎడ్లకి తవుడు తగ్గించవద్దు." వాళ్ళ నాన్న ఆ కార్డు పట్టుకుని అరుగు మీద కూర్చుని తిట్టిన తిట్లు మా వీధి దాకా వినిపించాయి. ఒక్కడే కొడుకు మరి.

బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన మద్రాసు ఇంజనీర్ గ్రూపని ఉంది. 1780 నుంచీ ఉన్న దళం అది. తమిళులూ, మలయాళీలూ, కన్నడం వాళ్ళూ, మనవాళ్ళూ అంతా కలిసే ఉంటారు. వాళ్ళని సైన్యమంతా "తంబిలు" అని పిలుస్తుంది. సిపాయి అంటే తుపాకీ ఒక్కటే అనుకుంటారు మీరు. వీళ్ళకి తుపాకీతో పాటు పారా, గునపం, తాళ్ళు, పడవలు. సైన్యం నడవడానికి ముందు దారి వెయ్యాలి, వంతెన కట్టాలి, శత్రువు నేలలో పాతిపెట్టిన మైన్లు తియ్యాలి. మన గోదావరి కాలవల్లో పుట్టినవాడికి ఆ చెరువులో పడవ నడపడం ఒక లెక్కా? నేర్పేవాడికే రెండు కిటుకులు చెప్పానని అనేవాడు. నిజమో అబద్ధమో. బావ కోతలు కొయ్యడని కాదు, కోసేవాడు, కాకపోతే పడవల గురించీ ఎడ్ల గురించే కోసేవాడు, యుద్ధం గురించి కోసేవాడు కాదు.

ఆ "తంబి" మాట ఆయన నోటికి అంటుకుపోయింది. పెళ్ళయ్యాక నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు, "ఏం తంబీ" అనేవాడు. తంబి అంటే తమిళంలో తమ్ముడు. బావమరిదిని తమ్ముడంటావేవిటయ్యా, వరసలు చెడిపోవా, అని మా అమ్మ ఒకటే గోల.

పెళ్ళి 1967లో, వైశాఖంలో...

మాఘమా? సరే, మాఘమే. ఆవిడ పెళ్ళి, ఆవిడకే తెలియాలి.

ఏడాదికి రెండు నెలలు సెలవు. పాలకొల్లులో రైలు దిగి, జట్కా మీద నల్ల ట్రంకు పెట్టె వేసుకుని వచ్చేవాడు. పెట్టె మీద తెల్ల రంగుతో పేరూ, నంబరూ. వీధి చివర జట్కా కనబడగానే మేం పిల్లలం పరిగెత్తేవాళ్ళం. ఆ పెట్టె తెరిస్తే ఒక వాసన వచ్చేది. నాఫ్తలీను ఉండలు, బూట్ పాలిష్, తుపాకీ నూనె, అన్నీ కలిసి. నాకిప్పటికీ ఎవరిదైనా పాత బీరువా తెరిస్తే ఒక్క క్షణం ఆ వాసన కోసం ముక్కు వెళ్తుంది. ఆ పెట్టె మీ ఇంట్లో అటక మీద ఉంది, మీ నాన్న పెళ్ళికి దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు, నంబరు పోయింది. నేను కేకలేశాను. వెయ్యకముందు అడగాలి గానీ వేశాక కేకలేసి ఏం లాభం.

1965 యుద్ధానికి ఆయన కొత్తవాడు. వెనకాల రోడ్ల పనిలో ఉంచారట. దాని గురించి ఆయన చెప్పిందీ తక్కువే.

71 మాత్రం నాకు బాగా తెలుసు, పదిహేనేళ్ళవాణ్ణి. డిసెంబరు 3న మొదలైంది. మన ఊరికి ఒక్కటే రేడియో, కరణంగారి అరుగు మీద. రోజూ సాయంత్రం వార్తలకి ఊరంతా అక్కడే. అక్క మాత్రం వచ్చేది కాదు. పెద్దది రెండేళ్ళ పిల్ల చంకన. వీధి గుమ్మంలో కూర్చుని పోస్టుమాన్ వచ్చే దారి చూసేది. ఉత్తరం కోసం కాదర్రా. ఆరోజుల్లో టెలిగ్రామ్ వస్తే పోస్టుమాన్ సైకిలు బెల్లు కొట్టకుండా, ముందే దిగి, నడిపించుకుంటూ వచ్చేవాడు. అందుకని ఆయన సైకిలు మీద వెళ్ళిపోతున్నాడా, దిగుతున్నాడా, అది చూసేది. బెల్లు కొట్టుకుంటూ మా గుమ్మం దాటిపోతే ఆ పూటకి పొయ్యి వెలిగించేది.

పదహారున ఢాకాలో తొంభై మూడువేల మంది లొంగిపోయారని రేడియోలో చెప్పారు. బెల్లం పంచారు. అక్క తినలేదు. బావ ఉన్నది ఢాకా వైపు కాదు, పడమటి వైపు, ఆవైపు మర్నాడుగానీ కాల్పులు ఆగలేదు. ఉత్తరం సంక్రాంతి వెళ్ళాక వచ్చింది, టిక్కెట్టు అక్కర్లేని మిలటరీ ఉత్తరం, 56 ఏ.పి.ఓ. ముద్రతో. మా నాన్న గట్టిగా చదివాడు. యుద్ధం మాటే లేదు అందులో. గేదె ఈనిందా, పెయ్యా దున్నా అని ఉంది. పిల్ల అన్నం తింటోందా అని ఉంది. కింద, "బసంతర్ అని చిన్న ఏరు, మన పంటకాలవంత ఉంది" అని ఒక్క వాక్యం.

ఆ ఒక్క వాక్యం వెనక ఏముందో మూడేళ్ళ తరవాత తెలిసింది నాకు.

1974లో వాళ్ళ నాన్న పోయారు. ఉన్న మూడెకరాలూ చూసే దిక్కు లేదు. బావ సర్వీసు వదిలేసి వచ్చేశాడు. పదకొండేళ్ళు చేశాడు. పింఛను రావాలంటే పదిహేను నిండాలి. ఇంకో నాలుగేళ్ళు ఓపిక పట్టవయ్యా అని మా నాన్న ఎంత చెప్పినా, "భూమి నాలుగేళ్ళు ఆగుతుందా మావయ్యా" అన్నాడు. ఇప్పుడు వీడి అగ్నివీర్ కొలువు నాలుగేళ్ళే. నలుగురిలో ఒకణ్ణి ఉంచుకుని తక్కినవాళ్ళని పంపించేస్తారట. వీడు నవ్వుతూ అంటాడు, "నాకైతే లెక్కలు వేసుకునే బాధే లేదు తాతయ్యా" అని. నవ్వరా, నవ్వు.

ఏదో చెబుతున్నాను... ఆఁ, బసంతర్. ఆ ఏడు మా చేల గట్ల నిండా ఎలక బొరియలు. ఇద్దరం గట్టు వెంట కర్రలతో పొడుస్తూ వెళ్తున్నాం, ఎక్కడ గుల్లగా ఉందో చూడ్డానికి. నేను నిలువుగా దబ్బుదబ్బున పొడుస్తున్నాను. బావ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కర్రని ఏటవాలుగా పట్టుకుని, మెల్లిగా, జానెడు జానెడుకీ గుచ్చుతూ వస్తున్నాడు. అరగంటలో నేను అరెకరం గట్టు తిరిగాను, ఆయన నాలుగు బారలు కూడా రాలేదు. "ఏవిటి బావా, ఎలకలకి సూదిమందు ఇస్తున్నావా" అన్నాను.

అప్పుడు చూసుకున్నాడు తన చేతులు ఏం చేస్తున్నాయో. కర్ర పక్కన పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. ఆరోజు చెప్పాడు. తరవాత మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

మైను తల మీద నొక్కితే పేలుతుందట. పక్కనుంచి తగిలితే ఊరుకుంటుందట. అందుకని బాయ్‌నెట్టు నిలువుగా దించకూడదు, ఏటవాలుగా తొయ్యాలి, గట్టిగా ఏదైనా తగిలితే ఆగాలి, వేళ్ళతో చుట్టూ మట్టి తియ్యాలి. "పైన నొక్కితే పేలుతుంది, పక్కన గోకితే పలుకుతుంది, మీ అక్కలాగే తంబీ" అన్నాడు. నవ్వింది చూడండర్రా మీ నానమ్మ! ఈ ముక్క ఆవిడకి యాభై ఏళ్ళుగా చెబుతున్నాను, ప్రతిసారీ తిడుతుంది, ఈసారే నవ్వింది.

డిసెంబరు పదిహేను రాత్రి ఆ బసంతర్ ఏటి దగ్గర అదే పని. పదాతి దళం ఏరు దాటేసి అవతల గట్టు పట్టుకుంది. వాళ్ళకి తోడు ట్యాంకులు వెళ్ళాలి. మధ్యలో పాకిస్తాన్ వాళ్ళు పాతిన మైన్ల చేను. దాంట్లో ట్యాంకు పట్టేంత బాట చెయ్యాలి తెల్లారేలోగా. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, వేళ్ళకి స్పర్శ లేకపోతే చచ్చామే, అందుకని చంకల్లో పెట్టుకుని వెచ్చ చేసుకుని మళ్ళీ నేల తడమడం. మీదనుంచి గుళ్ళు. శుభ్రం చేసినమేరా రెండు వైపులా తెల్ల టేపు వేసుకుంటూ వెళ్తారు, వెనక వచ్చేవాడికి చీకట్లో అదే గుర్తు. టేపు మధ్యన ఉంటే బతుకు, అడుగు పక్కన పడితే లేదు.

"పని సగంలో ఉండగానే వెనకనుంచి ట్యాంకులు వచ్చేశాయి తంబీ" అన్నాడు. అవతల గట్టు మీద మనవాళ్ళకి కష్టంగా ఉంది, ఆగే వ్యవధి లేదు. పూనా హార్స్ వాళ్ళు. తియ్యని మైన్ల మీంచే తోలుకుంటూ పోయారు. "మేం పక్కకి దొర్లి చూస్తూ ఉన్నాం. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అని ప్రతి ట్యాంకుకీ పళ్ళు బిగపట్టుకోవడమే." ఆ దళంలోనే అరుణ్ ఖేతర్‌పాల్ అని ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు. మర్నాడు మండుతున్న ట్యాంకు దిగనని కూర్చుని ప్రాణం వదిలాడు, పరమవీర చక్రం ఇచ్చారు. ఆ సంగతి బావకి తరవాతెప్పుడో పేపర్లో చూస్తే తెలిసిందట. "వాళ్ళలో ఆ కుర్రాడు ఏ ట్యాంకులో వెళ్ళాడో. మేం వేసిన బాటమీద వెళ్ళాడో, వెయ్యని మేర వెళ్ళాడో" అని ఊరుకున్నాడు. కాస్సేపటికి కర్ర తీసుకుని మళ్ళీ ఎలకలు వెతకడం మొదలెట్టాడు. ఈసారి నిలువుగానే పొడిచాడు గానీ, ప్రతిసారీ పొడిచేముందు ఒక్క క్షణం ఆగేవాడు.

మనకి యుద్ధం పదమూడు పద్నాలుగు రోజులు. పాతినవి తియ్యాల్సినవాళ్ళకి అది పదిహేడో తారీఖున అవ్వలేదు. నెలల తరబడి ఆ పొలాల్లో పాక్కుంటూనే ఉన్నారు. ఆయన పక్కన పడుకునే మలయాళీ కుర్రాడు ఆ ఏడు ఎండాకాలంలో పోయాడని ఒకసారి అక్కతో అన్నాడట. నాతో అనలేదు.

ఊళ్ళో రెండేళ్ళున్నాడు, అంతే. ఆ రెండేళ్ళలో చేసినవి చెబితే మీకు కథలా ఉంటుంది. మొదటి పని దొడ్లో గొయ్యి తవ్వి మరుగుదొడ్డి కట్టడం. ఊరంతా నవ్వారు. చెంబు పట్టుకుని చేలోకి వెళ్ళక ఇంట్లో కూర్చుంటాడట మిలటరీ దొర, అని. ఆ నవ్విన ఇళ్ళ ఆడవాళ్ళే చీకటి పడ్డాక దొడ్డి దారిన అక్క దగ్గరికి వచ్చేవాళ్ళు. రెండోది వంతెన. మనవైపు నుంచి బడికి వెళ్ళాలంటే కాలవ దాటాలి, లేకపోతే లాకుల దాకా చుట్టు తిరగాలి. ఒక్క తాటిదుంగ వేసి ఉండేది, దాని మీద పిల్లలు జారి పడుతూనే ఉండేవాళ్ళు. బావ నాలుగు తాటిదుంగలు తెచ్చి, కొబ్బరితాళ్ళతో కట్టు కట్టి, చేతికి ఆనుగా వెదురు వేశాడు. ఒక్క మేకు లేదు. ఆ ముళ్ళు నాకూ నేర్పాడు. లాగినకొద్దీ బిగుస్తాయి, రెండు వేళ్ళతో తోస్తే ఊడిపోతాయి. కట్టాక పిల్లల్ని ఎక్కనివ్వలేదు. ముందు వడ్ల బస్తా వేసుకున్న మనిషిని నడిపించాడు, తరవాత ఇద్దర్ని, తరవాత ఎడ్లజతని. అప్పుడు ఒడ్డున నిలబడి, "తంబీలూ, మార్చ్!" అన్నాడు. ఇరవైమంది పిల్లలు ఒక్కసారి పరిగెత్తారు. అందరికంటే ముందు మీ పెద్దత్త, రెండు జడలు ఎగురుతూ.

ఆ జడలకి రిబ్బన్లు కాదర్రా. తెల్ల టేపు. పెట్టె అడుగున ఒక చుట్ట మిగిలిందట, ఎలా వచ్చిందో ఏమిటో, సర్కారీ సామాను, నేనడగలేదు. పిల్లకి రోజూ పొద్దున్న తనే జడలు వేసి ఆ టేపుతో కట్టేవాడు. అక్క వేస్తే వదులుగా ఉంటాయని నెపం. గడప మీద కూర్చుని, పిల్లని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, మూడు పాయలూ సమంగా వచ్చాయో లేదో వేళ్ళతో తడిమి చూసుకుంటూ. ఊళ్ళో మగవాడెవడూ ఆడపిల్లకి జడ వెయ్యడం నేను చూడలేదు అప్పటిదాకా.

పతకాలా? ఉండేవి, బిస్కట్ల డబ్బాలో. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 65ది రక్షా మెడల్, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయినప్పుడు ఇచ్చింది ఒకటి. మీ నాన్నకి పళ్ళొస్తున్నప్పుడు ఆ పశ్చిమీ స్టారే నోట్లో పెట్టుకుని కొరికేవాడు. బావ చూస్తూ ఊరుకునేవాడు. "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది" అనేవాడు.

ఇంక ఆ రాత్రి.

1976 డిసెంబరు మొదట్లో. కోతలైపోయాయి, ఆవేళే కుప్ప వేశాం, రెండ్రోజుల్లో నూర్పు. కాపలాకి నేనూ బావా కళ్ళంలో పడుకున్నాం, గడ్డి పరుచుకుని. మాధవరం నుంచి ఆయన పాత స్నేహితుడు ఆ సాయంత్రం వచ్చి రమ్ము సీసా ఇచ్చి వెళ్ళాడు. చెరో గ్లాసు తాగాం. నేను ఇరవయ్యేళ్ళవాణ్ణి, అదే మొదటిసారి. ఆయన ఆకుపచ్చ మిలటరీ కంబళి ఇద్దరికీ చాలకపోతే నాకు కప్పి తను పంచె కప్పుకున్నాడు.

ఏ అర్ధరాత్రో లేపాడు. కడుపులో నొప్పిగా ఉందిరా అన్నాడు. రమ్ము బావా, అన్నాను. ఇంకాస్సేపటికి మళ్ళీ ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. లాంతరు ఎత్తి చూస్తే రెప్పలు వాలిపోతున్నాయి, ఎత్తలేకపోతున్నాడు. నాకు నవ్వొచ్చింది. "మిలటరీవాడివి, ఒక్క గ్లాసుకే బోర్లా పడ్డావేవిటి" అన్నాను. కంబళి ఆయన మీద కప్పాను. పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

కట్లపురుగు అది. నిద్రలో ఉన్నవాణ్ణి ముడితే మంటా ఉండదు, వాపూ ఉండదు, గాట్లు వెతికితేగానీ కనపడవు. మోచేతి వెనక రెండు చుక్కలు, దోమ కుట్టినంత. కడుపు నొప్పి, రెప్పలు వాలడం, నాలిక మడతపడడం, అన్నీ దాని గుర్తులే. ఇప్పుడు మీ ఫోన్లో వెతికితే అరనిమిషంలో చెబుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ వేళకి బుర్రలో రమ్ముంది.

తెల్లారి చూస్తే నోటమ్మట చొంగ, కళ్ళు మూసుకునే ఉన్నాయి. అరిచాను. జనం వచ్చారు. ముందు మంత్రం వేసేవాడి దగ్గరికి అన్నారు పెద్దలు, అక్కడ గంట పోయింది. తరవాత ధాన్యం లారీలో పట్నం ఆసుపత్రికి. ఆ మందు ఇక్కడ లేదు, ఇంకో చోటికి పట్టుకెళ్ళండి అన్నారు. బావ తల నా ఒళ్ళో ఉంది. కళ్ళు తెరవలేడు, మాట లేదు, కానీ తెలివి ఉందర్రా. "బావా, తంబిని" అంటే నా చెయ్యి నొక్కాడు. ఒక్కో వేలూ విడివిడిగా నొక్కాడు, చిటికెన వేలు దాకా. ఊపిరి ఆగిన తరవాత కూడా నేను ఆ చెయ్యి వదల్లేదు, లారీ ఇంకో నాలుగైదు మైళ్ళు వెళ్ళింది.

వచ్చీ రాగానే అక్కతో చెప్పేశాను. రాత్రి లేపాడనీ, నవ్వాననీ, పడుకున్నాననీ. చెంప మీద ఒక్కటి కొట్టింది. అదే మొదలు, అదే ఆఖరు. ఇన్నేళ్ళలో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పింఛను కోసం కాగితాలు పెట్టాం. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి. చివరికి ఇంగ్లీషులో నాలుగు వరసల ఉత్తరం, మా హెడ్మాస్టరు చదివి మడతపెట్టి ఇచ్చాడు. పదిహేనేళ్ళ సర్వీసు లేదు, పోయింది కొలువులో ఉండగా కాదు. అన్నీ నిజాలే మరి. కాదనడానికి లేదు. అక్క ఎడ్లజత అమ్మి కుట్టుమిషను కొంది. ఈ ఊళ్ళో మీ నానమ్మ కుట్టిన జాకెట్టు తొడుక్కోని ముసలమ్మ ఉంటే చూపించండి నాకు.

ఆ మరుసటేడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన. శవాలని లెక్కపెట్టడం కూడా చాతకాలేదు అక్కడ. ఊళ్ళోంచి బియ్యం, బట్టలు పోగేసి బండ్లు కడుతుంటే అక్క ఆ ఆకుపచ్చ కంబళి తెచ్చి బండి మీద వేసింది. వద్దే అన్నాను. "ఆయనుంటే ఆయనే వెళ్ళేవాడు, కంబళైనా వెళ్ళనీ" అంది. ఎవరు కప్పుకున్నారో అది.

తాటిదుంగల వంతెన ఇంకో పదేళ్ళు ఉంది. తరవాత పంచాయతీ వాళ్ళు సిమెంటుది కట్టారు. నిన్న నువ్వు ఆటోలో దాటొచ్చావే, అదే. ఆటోవాడు డబ్బులు అడిగేటప్పుడు ఏమన్నాడు? "మిలటరీ వంతెన దాకా అయితే ఇరవై, దాటితే ముప్ఫయ్" అనలేదూ? ఆ కుర్రాడికి ఆ మిలటరీ ఎవరో తెలీదు. ఏదో రెజిమెంటు వచ్చి కట్టిందనుకుంటున్నాడు.

నువ్వు ఆ రాయి మీద పేరు చెక్కించమని అర్జీ పెడతానంటున్నావు. పెట్టు. నేను సంతకం పెడతాను. ఏం రాస్తావు అందులో, ఎలా పోయాడని?

ఇప్పుడు కళ్ళాలే లేవు, మిషను వచ్చి కోసి, నూర్చి, ట్రాక్టరులో పోసి వెళ్ళిపోతుంది. కాపలా పడుకునే పనే లేదు. అయినా డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం మీ నానమ్మ మా ఇంటికి మనిషిని పంపిస్తుంది, ఎక్కడ పడుకుంటున్నానో కనుక్కోమని. 1977 నుంచీ అంతే. మొదట్లో అయితే నులకమంచం ఒకటి తనే కూలివాడి నెత్తిన పెట్టించి చేలోకి పంపించేది. నలుగురిలో సిగ్గేసేది నాకు, అందరూ గడ్డి మీద పడుకుంటే నేనొక్కణ్ణే మంచం మీద. ఒకసారి తిప్పి పంపించేశాను. ఆ రాత్రి తనే వచ్చింది, లాంతరు పట్టుకుని, మంచం కూలివాడి నెత్తిన పెట్టించుకుని, మాట్లాడకుండా కళ్ళంలో వేయించి, నేను ఎక్కి పడుకునేదాకా నిలబడి, వెళ్ళిపోయింది.

అదిగో, కాగు పొంగుతోంది, చూడండర్రా ఎవరైనా. పిడకల దండలు ఇప్పుడు వెయ్యండి. చిన్నదాన్ని మంట దగ్గరికి రానివ్వకండి, జడలు ఎగరేసుకుంటూ తిరుగుతోంది.

ఆఁ... ఏవిటే? ఎప్పుడు జారానో తెలీలేదే, మంట వెచ్చగా ఉందని కిందకి దిగినట్టున్నాను. లేస్తున్నాను. లేస్తున్నానే బాబూ. ఒరేయ్, ఆ పీట ఇలా లాగు.